దింపుడు కళ్ళెం దగ్గర ఆగిన బండి

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట రాస్తున్న ఈ నిమిషంలో కూడా లేదు. కల్లూరులో నాకు మోటార్ల షాపు ఉంది. కాలిపోయిన మోటారు విప్పడం, కొత్త తీగ చుట్టడం, తిప్పి చూపించి ఇవ్వడం, ఇదే నా బతుకు. చదివింది పదో తరగతే అయినా కరెంటు సంగతి మాత్రం నాకు చెప్పకండి.

ఒకసారి పత్తికొండ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. తన బోరు మోటారు దానంతటదే ఆన్ అవుతోందట. తోటలో ఎవరో తిరుగుతున్నారని ఇంటిల్లిపాదీ తోటకు పోవడమే మానేశారట. నేను పోయి స్టార్టరు డబ్బా విప్పితే లోపల బల్లి ఒకటి చచ్చి అతుక్కుపోయి ఉంది. దాన్ని కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టి, ఇదిగో నీ దయ్యం, ఇంటికి తీసుకుపో అన్నాను. ఆయనకు కోపమొచ్చింది గానీ మరుసటి రోజు నుంచి తోటకు పోయాడు.

అంత నోరున్న నేను ఇప్పుడు ఇది చెప్పుకుంటున్నాను. నవ్వుతారని మా ఆవిడ వద్దంటోంది. నవ్వితే నవ్వనీ. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఒక్క మాట కలపను.

మా అన్న పేరు మద్దిలేటి. నాకంటే కొన్నేళ్ళు పెద్ద, నాకంటే మూరెడు పొడుగు. మా ఇంట్లో ఏ గుమ్మం దాటినా తల వంచాల్సిందే. ఆ సంగతి మరిచిపోయిన రోజున నుదురు ఠంగుమనేది, అమ్మ వంటింట్లోంచే, పగిలింది గుమ్మమా తలకాయా అని అడిగేది. నన్ను అన్న ఎప్పుడూ సుంకన్నా అని పేరు పెట్టి పిలవలేదు. నాకు పెళ్ళయ్యాక కూడా, నా భార్య ముందే, పొట్టోడా అనేవాడు. నాకు మండేది. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు లేరు.

అన్న ఒక పాత డీజిల్ పికప్ కొనుక్కొని ఎర్రగడ్డలు తోలేవాడు. మేము ఉల్లిగడ్డల్ని అట్లాగే అంటాం. కర్నూలు మార్కెట్టులో లోడు ఎత్తుకొని నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా బద్వేలు దాకా పోయేవాడు. సెలవుల్లో నన్ను కూడా ఎక్కించుకునేవాడు. దారిలో ఎక్కడో ఆపి ఉగ్గాని, బజ్జీ తినిపించేవాడు. నంజుకోవడానికి బస్తాలోంచే ఒక గడ్డ తీసి తలుపు మీద పెట్టి పిడికిలితో ఒక్కటి గుద్దేవాడు, అది నాలుగు చెక్కలయ్యేది. ఆ తలుపు మీద సొట్ట అందుకే పడింది. ఎవరైనా అడిగితే లారీ తగిలిందని చెప్పేవాడు.

ఒక ఎండాకాలం బద్వేలులో లోడు దించి వెనక్కి బయల్దేరాడు. అక్కడి వ్యాపారి టీ ఇప్పించాడట, నవ్వుతూనే తాగాడట. బండి మాత్రం ఆళ్ళగడ్డ దగ్గర, అహోబిలానికి తిరిగే రోడ్డుకు కాస్త ముందు, వేపచెట్టు నీడలో దొరికింది. తలుపులు వేసి ఉన్నాయి. తాళంచెవి దానికే ఉంది. డీజిలు ఉంది. స్టీరింగు కాలకుండా టవలు కప్పి ఉంది. బండి ఆపి ఇప్పుడే వస్తానని దిగిన డ్రైవరు చేసే పని అది. మనిషి మాత్రం లేడు.

పోలీసులు వెతికారు. మేము వెతికాం. నల్లమలలో దారి తెలిసినవాళ్ళను పట్టుకొని లోపలి దాకా పోయాం. చుట్టుపక్కల బావులన్నీ చూశాం. అన్నకు పగవాళ్ళు లేరు, అప్పులు లేవు, ఇంట్లో గొడవ లేదు. ఏ ఒక్క కారణం దొరికినా ఏడ్చి ఊరుకునేవాళ్ళం. అది కూడా దొరకలేదు.

బండిని కట్టి లాక్కొచ్చి మా షాపు వెనక ఖాళీ జాగాలో పెట్టాం. పదేళ్ళు దాటింది. పాత ఇనుము వాళ్ళు వచ్చి అడిగినప్పుడల్లా మా వదిన సువర్ణ బయటికి వచ్చి నిలబడేది. నోరు తెరిచేది కాదు, ఊరికే నిలబడేది. వాళ్ళే వెళ్ళిపోయేవాళ్ళు.

వదిన గురించి చెప్పాలి. వాళ్ళకు పిల్లలు లేరు. అన్న పోయాక పుట్టింటికి పోలేదు, మా దగ్గరే ఉండి మిషన్ కుట్టుకునేది. ఒకప్పుడు గలగల మాట్లాడే మనిషి. అన్నను ఆటపట్టించడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆ తర్వాత అవసరమైన మాట తప్ప మాట లేదు. పెళ్ళికో పేరంటానికో పోతే బొట్టు పెట్టాలా వద్దా అని అవతలి వాళ్ళు కుంకుమ భరిణె పట్టుకొని తటపటాయించేవాళ్ళు. అది చూసి చూసి పోవడమే మానేసింది. ముత్తయిదువా కాదు, విధవా కాదు. ఏ వరసలోనూ లేని మనిషి.

అట్లాంటప్పుడు బద్వేలు నుంచి ఒక సంబంధం వచ్చింది. మా వాళ్ళే, దూరపు చుట్టరికం. బట్టల కొట్టు ఉంది, భార్య జబ్బు చేసి పోయింది. మర్యాదైన మనిషి. కల్లూరులో అక్కగారింటికి వచ్చినప్పుడు వదినను చూశాడు, ఇష్టపడ్డాడు. ఆమెతో మాట్లాడాడు కూడా. ఆయన పోయాక వదిన ఆ రోజు సాయంత్రం మిషన్ దగ్గర ఏదో సన్నగా పాడుకుంది. అది విని అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎన్నేళ్ళకో ఆ గొంతు వినడం.

అయితే ఆయన ఒక్కటే అడిగాడు. ఆమె మొదటి భర్త ఉన్నాడో పోయాడో మీరే తేల్చండి, తేలకుండా నేను తాళి కట్టలేను అన్నాడు. అందులో తప్పేముంది? తనకు తొందర లేకపోయినా ఇంటి పెద్దలు ఆగరని, ఆషాఢం దాటితే వేరే పిల్లను చూసేస్తారని కూడా చెప్పాడు.

తేల్చడానికి మాలో ఒక పద్ధతి ఉంది. మనిషి కనబడకుండా పోయి ఏళ్ళు గడిస్తే దర్భలతో, మోదుగాకులతో బొమ్మ చేస్తారు. మనిషి పొడుగు బొమ్మ. దానికి అతని బట్టలే తొడుగుతారు. పాడె కట్టి తీసుకుపోయి దహనం చేస్తారు. అప్పటి నుంచి ఆ మనిషి పోయినట్టు లెక్క. గడ్డిని కాల్చి మనిషి పోయాడనుకోవడమేంటని నేనే ఒకప్పుడు ఎగతాళి చేసేవాణ్ణి. మన దాకా వస్తే గానీ తెలియదు.

ముందుగా ఒప్పుకున్నది అమ్మే. కన్నతల్లి ఒప్పుకుంది, కట్టుకున్నది ఒప్పుకోలేదు. ఆ రోజు అమ్మ వదిన చేతులు పట్టుకొని అన్న మాట నాకు ఇంకా చెవుల్లోనే ఉంది.

"నా కొడుకు కోసం కాచుకునేదానికి నేనుండా. నువ్వు గూడా యాలమ్మా? నువ్వు పో."

వదిన లేచి, కుట్టిన జాకెట్టు మడతపెడుతూ చెప్పింది.

"ఆయన్ని తీస్కపోతే ఆయన బండి మీదనే తీస్కపోవాల. ఆ బండి కదిలిననాడు చూద్దాం."

అంటే వద్దని అర్థం. అందరికీ అర్థమైంది. ఆ బండి చూసిన వాళ్ళెవరికైనా అర్థమవుతుంది. కానీ మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు కదా, మా వంశంలో మొండితనానికి కరువు లేదు. సరే, కదిలిస్తా అన్నాను.

అన్న స్నేహితుడు మాబాషా మా వీధి చివర మెకానిక్ షెడ్డు నడుపుతాడు. ఆ పికప్‌ను అన్న ఉన్నప్పుడు చూసుకున్నది అతనే. పిలుచుకొచ్చి చూపించాను. సర్కారు కంపచెట్టు ఒకటి బండి కింద మొలిచి, తుప్పు పట్టిన ఫ్లోరును చీల్చుకొని, కిటికీలోంచి బయటికి కొమ్మలు వేసింది. టైర్లు మట్టిలో కలిసిపోయాయి. బానెట్టు ఎత్తితే ఎలుకల గూడు, దాని పక్కన పాము కుబుసం.

మాబాషా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఇది బండి కాదప్పా, జల్లెడ," అన్నాడు. తర్వాత నవ్వుతూ, దీన్ని లేపేదానికంటే మనిషిని లేపేది సులువు అన్నాడు. అనగానే నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత అతనే పోయి గొడ్డలి తెచ్చాడు.

పొద్దున కాసేపు, షాపు మూసే ముందు కాసేపు పని చేసేవాళ్ళం. కంపచెట్టును ముక్కలు ముక్కలుగా కోసి తీయాల్సి వచ్చింది. ఇంజను బిగుసుకుపోయింది. మాబాషా దాంట్లో డీజిలు పోసి నాననిచ్చాడు. రోజూ వచ్చి పెద్ద పానా వేసి లాగేవాడు, అది కదిలేది కాదు, తిట్టి పోయేవాడు. ఒక రోజు మూలుగుతూ కాస్త తిరిగింది. మాబాషా పానా కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు. చెమటే అనుకున్నాను. కాదని తర్వాత చూశాను.

ఫ్లోరుకు రేకు వేసి వెల్డింగు చేశాం. ట్యాంకు దింపి కడిగాం. పాత టైర్లు నాలుగు దొరికాయి. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి, కాబట్టి ఆ పని నాది. మొత్తం పీకేసి, బండి స్టార్టు కావడానికి ఏవి కావాలో అవే లాగాను. అయినా ఎక్కడో కరెంటు కారిపోయేది. బండి ఆపి వదిలేస్తే బ్యాటరీ ఖాళీ. ఎక్కడ కారుతోందో వెతికే ఓపిక లేక, ఆపినప్పుడల్లా బ్యాటరీ వైరు పీకేయడం అలవాటు చేసుకున్నాను.

మొదటిసారి ఇంజను అందుకున్న రోజు నల్లటి పొగ వీధంతా కమ్మింది. నేను క్యాబిన్‌లో ఉన్నాను. గాలి ఎట్లా వస్తుందో చూద్దామని ఫ్యాను స్విచ్చి వేశాను. ముందు దుమ్ము వచ్చింది. దాని వెనకే గాలి రంధ్రాల్లోంచి ఎర్రగడ్డల పొట్టు వచ్చింది. ఎండిన పొట్టు, పలచగా, ఎర్రగా, నా ఒళ్ళో పడింది, జుట్టులో పడింది. ఎన్నేళ్ళ నాటి లోడులోదో. ఇందులో వింతేమీ లేదు, పొట్టు ఎగిరి లోపల ఇరుక్కుని ఉంటుంది. కానీ నేను ఇంజను ఆపేసి స్టీరింగు మీద తల పెట్టుకొని ఏడ్చాను. అప్పటి దాకా అన్న కోసం అంత ఏడుపు ఏడవలేదు.

ఆ తర్వాత మొదలైంది అద్దం సంగతి.

డ్రైవరు పక్క అద్దం కొత్తది వేశాం. నేను పొట్టివాణ్ణి కదా, నా కంటికి సరిపోయేట్టు తిప్పుకున్నాను. మరుసటి రోజు ఎక్కి కూర్చుంటే అద్దంలో ఆకాశం కనబడింది. సరే, గాలికి తిరిగిందనుకున్నాను. మళ్ళీ సరిచేశాను. మరుసటి రోజు మళ్ళీ అంతే. వారమంతా ఇదే తంతు. మాబాషాను గట్టిగా అడిగాను. అతను నన్నే అనుమానించాడు, నీకు పనీపాటా లేదా అన్నాడు. చివరికి స్క్రూ బిగించి పైన చుట్టూ టేపు వేశాను. పొద్దున చూస్తే టేపు చెక్కుచెదరలేదు. అద్దం మాత్రం పైకి చూస్తోంది. ఒక ఇటుక మీద ఇటుక పెట్టి సీటు మీద ఎత్తుగా కూర్చొని చూశాను. అంత ఎత్తు నుంచి వెనక రోడ్డు చక్కగా కనబడింది.

మాబాషా కుర్రవాళ్ళ అల్లరి అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. అనుకోవాలి కదా.

సీటు సంగతి అంత తేలిగ్గా పోలేదు. సీటు కింది పట్టాలు తుప్పు పట్టి పొడి అయిపోయాయి. సీటు జారకుండా ఉండాలంటే ఒకచోట పెట్టి వెల్డింగు కొట్టేయడమే దారి. నడిపేది నేనే కాబట్టి నేను కూర్చొని, క్లచ్చు నొక్కి, ఇక్కడ కొట్టు అన్నాను. మాబాషా కొట్టాడు. ఆ సాయంత్రం బండిని జాగాలోనే ముందుకూ వెనక్కూ నడిపాను. కాలు బాగానే అందింది.

మరుసటి రోజు ఎక్కితే క్లచ్చు అందలేదు. సీటు వెనక్కి ఉంది. కిందికి వంగి చూశాను. వెల్డింగు గట్టిగా ఉంది, ఎక్కడా విరగలేదు, కోసి మళ్ళీ అతికించిన గుర్తు లేదు. మాబాషా వచ్చి వేలితో తడిమి చూశాడు. నా చేతి పనే, నేను వెనకనే కొట్టినట్టుండాది, నీకే గుర్తు లేదు అన్నాడు. అంటున్నాడు గానీ నా మొహం చూడటం లేదు. నేను ముందు రోజు ఎట్లా నడిపానని అడిగితే సుత్తి తీసుకొని వేరే పని మీద పోయాడు.

వదిన అన్ని రోజులూ ఆ జాగా వైపు రాలేదు. ఆ రోజు వచ్చింది. అమ్మ చెప్పిందో ఏమో. అవతలి తలుపు తెరిచి ఎక్కి, ఎప్పుడూ తను కూర్చునే చోటే కూర్చుంది. తలుపు మీది సొట్టను వేలితో రాసింది. సీటు వైపు చూసింది, అద్దం వైపు చూసింది. సీటు కోసి మళ్ళీ ముందుకు వేయిస్తానన్నాను.

"అట్లే ఉండనీ సుంకన్నా. నువ్వే దిండు పెట్టుకో," అంది.

దిగేటప్పుడు, బండి కదుల్తాండాది కదా, ఇంక కార్యానికి పెద్దనాయనను పిలువు అని చెప్పి పోయింది. మాట అంటే మాటే ఆమెకు. ఆ సాయంత్రమే పెట్టెలోంచి అన్న చొక్కా, పంచె తీసి ఇస్త్రీ చేసింది. కాలేది గడ్డితో పాటే అయినా నలిగిన చొక్కా తొడగనివ్వలేదు.

కార్యం రోజు పొద్దున మా పెదనాన్న దగ్గరుండి బొమ్మ కట్టించాడు. అన్న పొడుగు ఆయనకు గుర్తుంది. బొమ్మను చూసి అమ్మ, ఇంకా పొడుగుండాల అంది. మళ్ళీ విప్పి కట్టారు. పికప్ వెనక పడుకోబెట్టారు. ఒక పక్క అమ్మ, ఒక పక్క వదిన కూర్చున్నారు. పెదనాన్న వెనక నిలబడి బొరుగులు చల్లుతున్నాడు. నేను దిండు పెట్టుకొని నడుపుతున్నాను. ఇంజను మొరాయిస్తే చూసుకోవడానికి మాబాషా పక్కన కూర్చున్నాడు. చుట్టాలు కొందరు వెనక ఆటోలో వస్తున్నారు.

హంద్రి ఏటి ఒడ్డున శ్మశానానికి పోయే మట్టిరోడ్డు మీద, సగం దారిలో, పాత ఇటుక బట్టీ ఉంది. మా వాళ్ళ దింపుడు కళ్ళెం అక్కడే. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. శవాన్ని తీసుకుపోయేటప్పుడు సగం దారిలో ఒకసారి కిందికి దింపుతారు. దగ్గరివాడు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలనో ఉంటే పలుకుతుందని. పలికితే వెనక్కి ఇంటికి తీసుకుపోవాలి. ఎవరూ పలకరు. అయినా పిలుస్తారు. మా ఆడవాళ్ళు అక్కడి దాకానే వస్తారు, అక్కడి నుంచి ఇంటికి తిరిగిపోతారు.

బండి ఆపాను. అలవాటు ప్రకారం దిగి, బానెట్టు ఎత్తి, బ్యాటరీ వైరు పీకి పక్కకు వంచాను. బానెట్టు దించాను. ఇది నేను చేశాను, మాబాషా చూశాడు. తర్వాత నలుగురం కలిసి పాడె దింపి నేల మీద పెట్టాం. బండి మా వెనక, పది అడుగుల దూరంలో ఉంది.

అన్నకు కొడుకు లేడు కాబట్టి పిలవాల్సింది నేనే. మోకాళ్ళ మీద కూర్చొని, మోదుగాకుల తల పక్కన నోరు పెట్టి, అన్నా అన్నాను. పెదనాన్న, గట్టిగా పిలువు అన్నాడు. రెండోసారి కాస్త గట్టిగా పిలిచాను. మూడోసారికి ఎందుకో కోపమొచ్చింది. ఇంత మందిని ఇన్నేళ్ళు ఇట్లా పెట్టి యాడికి పోయావని కోపం. బట్టీ గోడలు మోగేట్టు, "అన్నా!" అని అరిచాను.

వెనక నుంచి హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు.

అన్న బద్వేలు నుంచి వచ్చేటప్పుడు మా వీధి మలుపులో అట్లాగే కొట్టేవాడు. వీధిలో వాళ్ళందరికీ తెలుసు. అది వినబడితే వదిన చేస్తున్న పని వదిలేసి, చెంగుకు చేతులు తుడుచుకొని, అన్నం వడ్డించడానికి లేచేది.

నేను తిరిగి చూశాను. బండి నిలబడి ఉంది, క్యాబిన్‌లో ఎవరూ లేరు. దాని అవతల రోడ్డు మీద ఒకాయన గొర్రెలు తోలుకొని పోతున్నాడు. ఆయన మాకు వీపు పెట్టి ఉన్నాడు, మేము చేస్తున్నది చూడలేదు. వెనక బండి వస్తే ఎవరైనా చేసినట్టే, తిరిగి కూడా చూడకుండా కట్టె ఊపి గొర్రెలను పక్కకు అదిలించాడు. అవి రోడ్డు వదిలి కంపల్లోకి జరిగాయి.

మాబాషా పరుగెత్తి బానెట్టు ఎత్తాడు. వైరు నేను వంచినచోటే ఉంది. అది ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే, ఎందుకంటే ఆ బండికి అసలు హారన్ లేదు. పాతది తుప్పు పట్టి చేతిలోనే పొడి అయితే నేనే తీసి పారేశాను. హంద్రి దాకా పోయి రావడానికి కొత్తది ఎందుకులే అని వేయలేదు. హారన్ ఉండాల్సిన చోట ఖాళీ పట్టీ ఉంది. మాబాషా ఆ పట్టీని పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు.

పెదనాన్న నేల మీద కూలబడ్డాడు. "పలికినాడు. పలికినాక ముందరికి పోగూడదు. ఎనక్కి తిప్పండి," అన్నాడు. అమ్మ బొమ్మ మీద పడి, వచ్చినావా నాయనా అని ఏడుస్తోంది. ఆటోలో వచ్చినవాళ్ళు దూరంగా జరిగారు.

నేను వదిన వైపు చూశాను. ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటోంది. కళ్ళు బండి మీదే ఉన్నాయి. ఇంక అయిపోయింది అనుకున్నాను. పాడె వెనక్కి తిరిగితే బతికున్నవాడని లెక్క. బద్వేలు ఆయన ఆషాఢం దాటితే ఆగడు. ఈమె ఇంక జన్మంతా ఆ మిషన్ ముందే. ఆమెను విడిపిద్దామని బండి లేపింది నేను, ఆ బండే ఆమెను మళ్ళీ కట్టేసింది.

వదిన చెంగు వదిలేసింది.

"నాకేం ఇనపల్లేదు. పోనీండి," అంది.

పెదనాన్న తల ఎత్తి చూశాడు. గొర్రెలు కూడా జరిగినాయి కదమ్మా అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. నాకు ఇనపల్లేదు పెద్దనాయనా, పోనీండి అని మళ్ళీ అదే మాట అంది. కట్టుకున్నదానికి వినబడలేదంటే ఆ పైన మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. పెదనాన్న లేచి పంచె దులుపుకొని పాడె ఎత్తమన్నాడు. వదిన అమ్మను లేపి, భుజం చుట్టూ చెయ్యి వేసి, ఇంటి దారి పట్టింది. వెనక్కి తిరిగి చూడలేదు. మలుపు తిరిగే దాకా నేను చూస్తూనే ఉన్నాను.

బొమ్మ తొందరగా కాలిపోయింది. గడ్డే కదా.

ఆషాఢం పోయాక గుడిలో పెళ్ళి జరిగింది, అమ్మే దగ్గరుండి చేయించింది. బద్వేలు బస్సు ఎక్కించడానికి నేను పోయాను. ఆయన నీళ్ళ బాటిలు కొనడానికి దిగినప్పుడు కిటికీ దగ్గర నిలబడి అడిగేశాను. అడగకూడదని తెలుసు, కానీ అడక్కపోతే నాకు పిచ్చెక్కేది. వదినా, ఆ రోజు నిజంగా వినబడలేదా అన్నాను.

ఆమె ఆయన దిగిపోయిన వైపు ఒకసారి చూసింది.

"ఇనపడింది," అంది. "పిలిస్తే పలికినాడు. పలికితే చాలదు సుంకన్నా, రావాల."

బస్సు కదిలింది. ఆయన తలుపు దగ్గర నుంచి నాకు చెయ్యి ఊపుతూ ఎక్కాడు.

నేను ఆ బండిని మళ్ళీ మళ్ళీ విప్పాను. ప్రతి వైరూ చూశాను. హైవే మీద పోయే లారీ హారన్ గాలికి అట్లా వినబడుతుందేమోనని అదే బట్టీ దగ్గరికి అదే వేళకు పోయి నిలబడ్డాను. లారీలు వినబడలేదు. గొర్రెలాయనను వెతికి పట్టుకొని అడిగాను. మీ తెల్ల బండే కదప్పా కొట్టింది, దారియ్యమని కొట్టినారనుకున్నా అన్నాడు. నాకు తెలిసిన కరెంటులో దీనికి జవాబు లేదు. అద్దం మాత్రం ఆ రోజు నుంచి నేను తిప్పినచోటే ఉంటోంది.

బండి ఇప్పుడు షాపు పనికి వాడుతున్నాను, ఊళ్ళో మోటార్లు వేసుకొని తిరగడానికి. హారన్ లేకుండా తిరగొద్దని మాబాషా కొత్తది ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఇంటి ముందు బండి ఆపి బిగిస్తున్నాను. అమ్మ గడప మీద కూర్చొని ఉంది. ఏం చేస్తాండావు అని అడిగింది. హారన్ పెడతాండా అన్నాను.

"పెట్టొద్దు నాయనా," అంది అమ్మ. "పెడితే, మళ్ళా మోగిననాడు ఎవురు కొట్టినారో తెల్దు."

నేను పెట్టలేదు.